గుర్రం ఖరీదూ, దాణా ఖరీదూ

ఒకనాటి సాయంత్రం మా తమ్ముడు విశాఖపట్నం నుంచి ఫోను చేసి, "అక్కా, మంచి సంబంధం ఒకటి కుదిరేలా ఉంది" అన్నాడు. వాడి కూతురు ఇంకా పదో తరగతిలో ఉంది. నా గుండె గుభేలుమంది. "సంబంధం ఏమిట్రా, నీకేమైనా మతిపోయిందా?" అన్నాను. "అమ్మాయికి కాదక్కా, నాకు. ఎర్రటిది. జర్మనీలో పుట్టింది. రెండే సీట్లు. మీట నొక్కితే టాపు దానంతటదే మడత పడిపోతుంది" అన్నాడు.

అప్పుడు అర్థమైంది, వాడు చెప్పేది కారు సంగతి. అందులోనూ సెకండుహాండు స్పోర్ట్సు కారు. బెంగుళూరులో ఎవరో అమ్ముతున్నారట. 2012 మోడలు. ఇరవై ఒక్క లక్షలు చెబుతున్నారట. నర్సీపట్నంలో నాన్న కొన్న ఇంటిస్థలం క్రిందటేడు అమ్మినప్పుడు వాడి వాటాకి ఇరవై రెండు లక్షలు వచ్చాయి. "ఎందుకైనా మంచిది, నువ్వొక మూడు లక్షలు సర్దితే నిశ్చింతగా ఉంటుంది" అని ముగించాడు.

పది నిమిషాలకి మా మరదలు ఫోను చేసింది. "వదినా, నేను కాదంటే గొడవవుతుంది. మీరు చెబితే వింటారు. అమ్మాయి కాలేజీ ఫీజు రెండేళ్లలో నెత్తిమీదికొస్తుంది" అంది. గొంతులో కోపం లేదు. భయం ఉంది. కోపమైతే సమాధానం చెప్పవచ్చు గాని, భయానికి ఏం చెబుతాం?

నేను కథలూ నవలలూ రాసుకునేదాన్ని. కార్ల గురించి నాకు తెలిసిందల్లా తలుపు గట్టిగా వేస్తే డ్రైవరుకి కోపం వస్తుందని మాత్రమే. కాని బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. తెలియని సంగతి ఎదురైతే వెనక్కి వెళ్లి చూడడం అలవాటు. మనకన్నా ముందు ఈ మోజు పడ్డవాళ్లు ఎవరు, దానికి డబ్బు ఎక్కడినించి తెచ్చారు, తర్వాత ఏమయ్యారు అని నాలుగురోజులు పుస్తకాలు తిరగేశాను. ఆ తిరగేసిందే మీకూ చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఇటువంటి తమ్ముడో, మరిదో, కొడుకో ఉండకపోడు.

ముందు నిజాంగారింటికి వెళ్దాం. మోజంటే అక్కడే కదా మొదలవ్వాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండుకి ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఆర్డరిచ్చారు. అది వచ్చేలోపల, 1911లో, ఆయన కన్నుమూశారు. కారు ఆయన కుమారుడు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. పసుపుపచ్చ రంగు, లోపల సింహాసనంలాంటి ఆసనం. ఇప్పుడు హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో ఎవరైనా చూడవచ్చు. ఇంతకీ అది ఎంత తిరిగిందనుకుంటున్నారు? దశాబ్దాల తరబడి ఉండి కూడా 356 మైళ్లు! అంటే 570 కిలోమీటర్ల చిల్లర. మా తమ్ముడు ఒక్కసారి విశాఖ నుంచి హైదరాబాదు వెళ్లినా అంతకంటె ఎక్కువే అవుతుంది.

ఉత్సవాలకి తప్ప బయటకి తీయని కారది. ఆ ఇంట్లో డబ్బుకి లోటు లేదు. కారు ఖరీదెంతో, దాన్ని పెట్టుకోవడానికి అయ్యే ఖర్చెంతో లెక్కవేసుకునే అవసరమూ లేదు. మనకి ఆ ఉదాహరణ పనికిరాదని పేజీ తిప్పేశాను. అయితే ఒక సంగతి మాత్రం మనసులో ఉండిపోయింది. వస్తువు కొనుక్కోవడం వేరు, వాడుకోవడం వేరు. మన బీరువాల్లో మడత విప్పని పట్టుచీరలు లేవూ?

రెండోవాడు మనలాంటి ఇంటివాడే. కోయంబత్తూరు జి.డి.నాయుడుగారు. పూర్తిపేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అరవదేశంలో స్థిరపడిన తెలుగువారి కుటుంబం. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. బడిచదువు అబ్బలేదు. పొలం పని చేసుకుంటున్న కుర్రవాడు ఒకరోజు ఒక తెల్లదొర, రెవిన్యూ ఆఫీసరు, మోటారు సైకిలు మీద రావడం చూశాడు. రడ్జ్ కంపెనీది, 1912 నాటిది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతటదే పోతోంది! ఆ రోజుల్లో మా తమ్ముడి జర్మనీ కారు కన్న అదే పెద్ద వింత.

ఆ బండి తనకి కావాలనుకున్నాడు. కుర్రవాళ్లందరూ అనుకుంటారు. తర్వాత ఆయన చేసింది మాత్రం అందరూ చెయ్యరు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరాడు. మూడేళ్లపాటు ఎంగిలి బల్లల మధ్య తిరిగి, కూలి డబ్బులు కూడబెట్టి, ఆ దొర దగ్గరికే వెళ్లి ఆ వాడిన బండినే కొన్నాడు. ఖరీదు మూడువందలని కొందరూ, నాలుగువందలని కొందరూ రాశారు. ఆ కాలానికి, ఆ కొలువుకి, అది కొండంత సొమ్ము.

కొన్న తర్వాత దాన్నెక్కి ఊరంతా ఊరేగి ఉంటాడనుకుంటాం కదూ? ముందు దాన్ని మేకు మేకూ ఊడదీశాడు. ఏ ముక్క ఎందుకుందో చూసుకున్నాడు. మళ్లీ బిగించాడు. అక్కడితో ఆయనకి యంత్రం లొంగింది. తర్వాత స్టేన్స్ అనే దొర సాయంతో ఒక బస్సు కొని, 1920లో పొళ్ళాచ్చికీ పళనికీ మధ్య తనే తోలాడు. ఆ ఒక్క బస్సే పెరిగి యు.ఎం.ఎస్. అనే పెద్ద సర్వీసు అయింది. ఆయన కొన్న మోటారు సైకిలు మోజు తీర్చింది, ఆపైన జీవితాంతం అన్నం పెట్టింది.

ఈ నాయుడుగారి కథలో మనకి పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. 1952లో ఆయన రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు ఒకటి తయారుచేశారు. ఖరీదు రెండువేల రూపాయలు! మధ్యతరగతి ఇంటి ముందు కారు నిలబడే రోజు అప్పుడే వచ్చి ఉండేది. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు మన దేశంలో కారంటే ముఖ్యంగా అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కొద్ది పేర్లే. డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం కూర్చోవాలి. మీకు తమాషాగా ఉంటుంది గాని, ఆ రోజుల్లో కొత్త ఫియట్ కన్నా రోడ్డుమీద రెండేళ్లు తిరిగిన ఫియట్‌కే ఎక్కువ ధర పలికేది. వెంటనే దొరుకుతుంది కదా మరి! సెకండుహాండు అంటే చవక అనే మాట ఆ కాలంలో చెల్లలేదు.

ఇక్కడికి వచ్చేసరికి నా కలం ఆగిపోయింది. హెరాల్డ్ పేరు తగిలింది. చరిత్ర వెదుకుతూ వెళ్లి మా ఇంటి గుమ్మంలోనే తగులుకున్నాను.

మా నాన్న కొయ్యూరు హైస్కూల్లో లెక్కల మేష్టారు. సైకిలు తప్ప మరో వాహనం ఎరగరు. ఆయనకి జీవితంలో ఒక్కటే మోజు, స్టాండర్డ్ హెరాల్డ్ కారు. విశాఖలో చదువుకునే రోజుల్లో సముద్రం ఒడ్డున చూశారట. 1961లో మద్రాసులో తయారీ మొదలైన కారది. 948 సి.సి. ఇంజను. మొదట్లో రెండే తలుపులు. ఇటలీకి చెందిన మిచెలొట్టి అనే ఆయన దాని రూపు గీశాడు. ఇంగ్లండులో అదే కారు చట్రాన్ని పొట్టిగా కోసి, అదే మిచెలొట్టి చేత గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్సు కారు తీశారు. అంటే మన హెరాల్డ్ ఆ పందెపు గుర్రానికి తోబుట్టువన్నమాట. దాని ముందు మూత మొత్తం రెక్కలతో సహా ముందుకి లేస్తుంది. "మొసలి నోరు తెరిచినట్టుంటుందే అమ్మాయ్, లోపలున్నదంతా కనిపించేస్తుంది. దాపరికం లేని బండి" అనేవారు నాన్న.

నేను ఇంటరు చదివే రోజుల్లో నర్సీపట్నంలో ఒక డాక్టరుగారు తన ఎర్ర హెరాల్డ్‌ని అమ్మకానికి పెట్టారు. ఇరవై ఎనిమిది వేలు. నాన్న పోస్టాఫీసు పుస్తకంలో సుమారు అంతే ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. రెండు ఆదివారాలు వెళ్లి చూసి వచ్చారు. మూడో ఆదివారం వెళ్లలేదు. ఆ జూన్‌లో నన్ను విశాఖలో బి.ఏ.లో చేర్చి, హాస్టలు ఫీజు కట్టారు. ఆ తర్వాత ఆయన నోట హెరాల్డ్ మాట రాలేదు. నేనూ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. నా డిగ్రీ పటం గోడమీద చూసినప్పుడల్లా, పక్కన ఒక ఎర్ర కారు నిలబడి ఉన్నట్టే ఉంటుంది నాకు. నాన్న పోయి ఎనిమిదేళ్లయింది.

ఇప్పుడు చెప్పండి, తమ్ముడికి ఏ మొహంతో వద్దని చెప్పను? ఒక కారు నా మూలంగా ఆగింది. రెండోది నా నోటితో ఆపడమా?

సరే, ఆపకుండా, లెక్కయినా సరిగా వేద్దామనుకున్నాను. నర్సీపట్నంలో మాకు తెలిసిన ముసలి మేస్త్రీ ఒకడున్నాడు. నలభై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. ఫోటో చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "సక్కని బండమ్మా. అయితే గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదేటి! ఇది గుడ్డిది కూడా కాదు, పందెం గుర్రం" అన్నాడు. తర్వాత ఒక గంట కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. కొంచెం ఇంటిభాషలోకి మార్చి మీకూ చెబుతాను.

బంగారం కొనేటప్పుడు మనం గ్రాము ధర ఒక్కటే అడుగుతామా? తరుగెంత, మజూరీ ఎంత అని అడుగుతాం. వాడిన కారుకీ అంతే. ఇంజను చల్లగా ఉండగా, మనం వెళ్లాకే స్టార్టు చేయించాలి. వేడిచేసి ఉంచితే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. మీటరులో కిలోమీటర్లు తక్కువ చూపించి, బ్రేకు పెడలు రబ్బరూ సీటు అంచూ అరిగిపోయి ఉంటే, ఆ రెండింటిలో అబద్ధమాడేది మీటరే. సర్వీసు పుస్తకం లేని కారు జాతకం లేని పిల్లవాడు కాదు, జాతకం చింపేసిన పిల్లవాడు. కంప్యూటరు తగిలించి లోపలి తప్పులు చదవడానికి స్కానరు ఉంటుంది. తెలిసిన మెకానిక్కుకి నాలుగు డబ్బులిచ్చి బెంగుళూరులోనే ఆ పరీక్ష చేయించాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడే దండం పెట్టి వచ్చేయాలి.

ఇంకొకటి చెప్పాడు. ఇటువంటి కార్లలో చాలావాటికి అదనపు చక్రం ఉండదట! గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు వేస్తారట. నాలుగూ మార్చాలంటే లక్ష దాటుతుందని అతని అంచనా. మడత టాపుకి మోటార్లూ నూనె గొట్టాలూ ఉంటాయి. అవి మొరాయిస్తే వానాకాలం మనది కాదు. పైగా బండి నేలకి నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. మన ఊళ్లలో స్పీడు బ్రేకర్లు వేసేది ఎడ్లబండికి సరిపడా!

కాయితాల సంగతి మా తమ్ముడికి అసలు తట్టలేదు. కారు కర్ణాటక రిజిస్ట్రేషను. మన రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచాలంటే అక్కడినించి అభ్యంతరం లేదని పత్రం తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించాలి. కారు వయసునిబట్టి ఇక్కడ జీవితపన్ను కట్టాలి. అక్కడ కట్టింది కొంత వెనక్కి వస్తుంది గాని, అది అమ్మినవాడూ కొన్నవాడూ కాయితాలు పట్టుకు తిరిగితేనే. 2012 కారుకి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు మళ్లీ పరీక్ష, రిజిస్ట్రేషను పొడిగింపు.

నా చిట్టాపుస్తకంలో పద్దు వేశాను. కారు ఇరవై ఒక్క లక్షలు. పన్నూ బదిలీ ఖర్చులూ కలిపి రెండనుకున్నా, టైర్లూ బ్రేకులూ నూనెలూ మరో రెండు. మొదటి ఏడు భీమా. ఇవన్నీ కాక, కారు ధరలో అయిదోవంతు ముట్టుకోకుండా బ్యాంకులో పడుండాలని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. అది నాలుగు లక్షల పైమాట. కూడితే ముప్పైకి దగ్గర పడింది. ఉన్నవి ఇరవై రెండు. నేనిచ్చే మూడూ కలిపినా లోటు తీరదు. వాడు గుర్రానికి డబ్బు చూసుకున్నాడు గాని, దాణాకి చూసుకోలేదు.

డబ్బులేనివాళ్లు వేగం మోజు ఎలా తీర్చుకున్నారో కూడా చూశాను. మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం మీద, 1950ల నుంచి కారు పందేలు జరిగేవి. విదేశీ కార్లున్న దొరబాబులతో సమానంగా, మన హెరాల్డ్‌లూ ఫియట్‌లూ ఇంటి వెనక షెడ్డులో మార్పులు చేసుకుని దిగేవారు. 1980ల చివర్లో కోయంబత్తూరుకే చెందిన కరివర్ధన్ అనే ఆయన మారుతి 800 ఇంజను పెట్టి తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి అనే రేసు కారు తయారుచేశాడు. అటువంటి కారులో పందేలు మొదలుపెట్టిన కుర్రవాడే నరేన్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు. అందరమూ పాలూ కూరలూ తెచ్చుకున్న ఆ చిన్న కారు ఇంజనుతోనే కదా, ఆ ప్రయాణం మొదలైంది!

చిట్టాపుస్తకం చేత్తో పట్టుకుని తమ్ముడితో కొయ్యూరు బయల్దేరాను. అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది. ఆవిడ ఎదుటే మాట్లాడదామనుకున్నాం. వాడి పాత మారుతిలోనే వెళ్లాం. కృష్ణదేవిపేట దాటుతుంటే అల్లూరి సీతారామరాజుగారి సమాధికి దండం పెట్టుకున్నాం. 1924 మే 7న కొయ్యూరులోనే కదా ఆయన్ని కాల్చిచంపింది. ఆ మహానుభావుడి పేరే 2022లో మా జిల్లాకి వచ్చింది.

మలుపుల్లో తమ్ముడన్నాడు, "లంబసింగి ఘాట్‌రోడ్డు మీద టాపు తీసేసి, మంచులో వెళ్తుంటే ఎలా ఉంటుందో ఊహించక్కా". ఊహించాను. నిజంగానే బాగుంటుంది. కాని చరిత్ర చదివినదాన్ని కదా, ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. వందేళ్ల క్రితం ఈ మన్యంలో రోడ్లు వేయించినవాడు బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు. కొండవాళ్లచేత చాకిరీ చేయించుకుని సరయిన కూలి ఇవ్వలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడురోజులు రాజుగారి దళం పడడానికి వెనకనున్న కడుపుమంటల్లో అదొకటి. ఈ కొండలమీద రోడ్డు కూడా ఒకరి లెక్క ఎగ్గొట్టి వేసిందే. వాడికి ఆ మాట చెప్పాను. "అయితే రోడ్డు మీద నడవకూడదంటావా?" అన్నాడు. "నడవాలి. ఎవరి ఖర్చుతో నడుస్తున్నామో తెలుసుకుని నడవాలి" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. వాడి కూతురే గుర్తొచ్చిందేమో.

అమ్మ మా ఇద్దరి మాటలూ విని, బియ్యం డబ్బా వెనకనుంచి నాన్న పోస్టాఫీసు పుస్తకం తెచ్చి పెట్టింది. అట్ట లోపల మడతపెట్టిన కాయితం. నాన్న చేతిరాత. లెక్కల మేష్టారు కదా, పద్దులు ముత్యాల్లా ఉన్నాయి. కారు 28,000. టైర్లు, బేటరీ, వెనక కమాను పట్టీ మార్పు, పన్ను, భీమా. నెలకి పెట్రోలు. అన్నీ కూడి క్రింద రెండు గీతలు గీసి, "ప్రస్తుతం వీలుపడదు" అని రాసి సంతకం పెట్టారు, పిల్లల ప్రోగ్రెసు రిపోర్టు మీద పెట్టినట్టు! ఆ పద్దులో ఎక్కడా నా ఫీజు లేదు.

"మీ నాన్న నీ చదువుకోసం మానేశారనుకుంటున్నావా ఇన్నాళ్లూ? టైర్లకి డబ్బుల్లేకుండా కారు కొంటే వీధిలో అరుగు కొన్నట్టే అని ఆయనే అన్నారు. ఆ తర్వాత డబ్బు ఊరికే ఎందుకుండాలని నిన్ను చేర్పించారు" అంది అమ్మ.

నిజమో, నా మనసు కుదుటపరచడానికి అందో, నాకు తెలియదు. అమ్మలు రెండూ చేయగలరు. నేను మాత్రం పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

వచ్చేసరికి తమ్ముడు నాన్న కాయితం పక్కన నా చిట్టాపుస్తకం పెట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "నాన్న కమాను పట్టీ కూడా రాశారక్కా. నేను టైర్లే రాయలేదు" అన్నాడు. కాసేపటికి మళ్లీ వాడే, "అమ్మాయి ఫీజు విడిగా తీసిపెడతాను. మిగిలినదాన్ని రెండేళ్లు కదపను. అప్పుడు లెక్కకి సరిపోయే చిన్న బండి ఏదైనా చూస్తాను. రెండు సీట్లయితే మటుకు తగ్గను" అన్నాడు.

"తగ్గకు. ఎర్ర రంగు కూడా వదలకు. ఆ రోజు వచ్చినప్పుడు, కారు నీది, నాలుగు టైర్లూ నావి" అన్నాను. ఆ మూడు లక్షలూ పోస్టాఫీసులో విడిగా వేశాను. పుస్తకం అట్టమీద 'దాణా' అని రాసుకున్నాను. గుమాస్తా అదేం పేరని అడిగాడు. "మా ఇంట్లో ఒక గుర్రం రావలసి ఉంది" అన్నాను.